మాత్ర తగ్గించినందుకు కాదు గొడవ

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో కోడ్ రాసుకుని బతికే మామూలు ప్రాణిని. కాబట్టి ఇందులో ఎవరూ తమ మందు డోసు వెతుక్కోవద్దు. ఆర్నెల్ల కింద మా ఇంట్లో థైరాయిడ్ మాత్ర మీద జరిగిన గొడవ, అందులో నేను చేసిన తెలివితక్కువ పని, దాని వల్ల నాకు అర్థమైన ఒక్క ముక్క... అంతే.

మాది గోదావరిఖని. మా బాపు సింగరేణిలో మైనింగ్ సర్దార్‌గా చేరి ఓవర్‌మెన్‌గా పోయినేడు రిటైరయ్యాడు. అమ్మకి 57 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా రోజూ 100 మైక్రోగ్రాముల థైరాయిడ్ గోలీ వేసుకుంటోంది. ఎనిమిదేళ్లలో దాని గురించి ఇంట్లో ఎవరూ ఒక్కసారి కూడా మాట్లాడుకున్నది లేదు. ఉప్పు డబ్బా, పప్పు డబ్బా పక్కన అదొక డబ్బా. అంతే.

ఒక రోజు స్టాండప్ మీటింగులో ఉండగా అమ్మ ఫోన్. పొద్దున పూట అమ్మ ఫోన్ చేయదు, చేసిందంటే ఏదో ఉందన్నమాట. మ్యూట్‌లో పెట్టి బయటికొచ్చా.

"డాక్టరు నా గోలీ సగం జేసిండు బిడ్డా. టెస్టుల తక్కువ వచ్చిందంట. తక్కువ వస్తే పెంచాలె గద, తగ్గించుడేంది?"

అడిగిన ప్రశ్న చాలా లాజికల్‌గా ఉంది కదా! నాకూ మొదట అలాగే అనిపించింది. రిపోర్టు ఫోటో పంపించమన్నా. టీఎస్‌హెచ్ 0.06. పక్కనే మామూలుగా ఉండాల్సిన హద్దులు, దాదాపు 0.4 నుంచి 4 దాకా. చీటీ మీద 100 బదులు 50 అని ఉంది. ఎందుకో లేదు. మళ్లీ ఎప్పుడు టెస్టు చేయించుకోవాలో లేదు. "ఎక్కువైంది, తగ్గించినం" అన్నాడట, అంతలో తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేశాడట. (ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు ఇక్కడ అనవసరం. మీ ఊళ్లో కూడా ఇలాగే ఉంటుంది.)

సాయంత్రం కూర్చుని చదివితే తిరకాసు అర్థమైంది. టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ గ్రంథి చేసే హార్మోన్ కాదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి "హార్మోన్ చాలట్లేదు, ఇంకొంచెం చెయ్యి" అని థైరాయిడ్‌కి పంపే ఆర్డరు అది. ఒంట్లో హార్మోన్ తక్కువైతే ఆర్డర్లు పెరుగుతాయి, ఎక్కువైతే ఆర్డర్లు ఆగిపోతాయి. అంటే టీఎస్‌హెచ్ 0.06 అంటే అమ్మ ఒంట్లో మందు ఎక్కువైపోయిందని. మన భాషలో చెప్పాలంటే ఫీడ్‌బ్యాక్ లూప్. రెండో సెమిస్టరులోనో ఎప్పుడో చదివి, పరీక్ష రాసి మర్చిపోయిన సంగతి.

సరే, తగ్గించడం కరెక్టే. మరి సగానికి సగమా? నేను చదివిన ప్రతిచోటా 12.5 లేదా 25 మైక్రోగ్రాముల చొప్పున మార్చడం మామూలు అని ఉంది. కాబట్టి నా అనుమానం పూర్తిగా తప్పేమీ కాదు. కానీ ఆ అనుమానంతో నేనేం చేశానన్నదే అసలు కథ.

మూడు వారాలు గడిచాయి. అమ్మ గొంతులో ఓపిక లేదు. "పానం మంచిగుంటలేదు. పొద్దుందాక నిద్రే వస్తున్నది. కాళ్లు గుంజుతున్నయ్. ఏం చేతనైతలేదు." నాకు కోపమొచ్చింది. రిలీజ్ పని వల్ల వెళ్లడానికి కుదర్లేదు. దూరంగా ఉండి ఏమీ చేయలేనివాడికి వచ్చే కోపం ఎలాంటిదో మీకు తెలుసు. "ఆ డాక్టరుకి ఏం తెలవదు, నువ్వు పాత 100 గోలీయే వేస్కో" అని ఫోన్లో తీర్పు చెప్పేసి పెట్టేశా. మన ఇండస్ట్రీలో దీన్నే రోల్‌బ్యాక్ అంటాం. ఏదైనా మార్పు బెడిసికొడితే పాత వెర్షన్‌కి వెళ్లిపోవడం. మహా తెలివైన పని చేశాననుకున్నా.

పది రోజుల తర్వాత రాత్రి రెండింటికి బాపు ఫోన్. అమ్మకి గుండె దడదడా కొట్టుకుంటోందట, చేతులు వణుకుతున్నాయట, చెమటలట. ఎదురింటి వాళ్ల ఆటోలో తీసుకెళ్తున్నాడు. ఆ రాత్రి నా పరిస్థితి ఏంటో నేను రాయలేను. ఈసీజీ తీశారు. గుండె వేగం ఎక్కువగా ఉంది గానీ లయ తప్పలేదు. తెల్లారేసరికి నెమ్మదించింది. నేను పొద్దున్నే రైలెక్కి రామగుండంలో దిగి ఇంటికెళ్లేసరికి అమ్మ వంటింట్లో నాకోసం చాయ్ పెడుతోంది!

మెల్లగా అడిగితే అప్పుడు బయటపడింది. అమ్మ ఆ పది రోజులూ వేసుకున్నది 100 కాదు. 150. పాత డబ్బాలో మిగిలిన 100 ఒకటి, డాక్టరు రాసిన కొత్త 50 ఒకటి.

"అట్లెందుకు వేస్కున్నవమ్మా?"

"డాక్టరు మాట పోవద్దు, నీ మాట పోవద్దని."

ఈ ఒక్క మాటకి నా దగ్గర సమాధానం లేదు. ఇద్దరు చదువుకున్నవాళ్లం. ఒకడు కారణం చెప్పకుండా తగ్గించాడు, ఇంకొకడు కారణం అడక్కుండా పెంచాడు. మధ్యలో ఆమె ఇద్దరినీ గౌరవించింది. ఆ గౌరవం ఆమె గుండె మీదికి వచ్చింది.

మధ్యాహ్నం బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగిన ప్రశ్న: "ఇగ అవన్ని ఇడిసిపెట్టు. ఏ రోజు ఎన్ని వేసుకున్నదో ఎక్కడన్న రాసి ఉన్నదా?"

లేదు.

"బాయిల మేం అట్ల దిగుతమా?"

బొగ్గు బాయి తెలియని వాళ్లకోసం కొంచెం చెప్పాలి. బాయిలో షిఫ్టు దిగే ముందు సర్దార్ తన డిస్ట్రిక్టు మొత్తం తిరిగి పైకప్పు చూస్తాడు, గాలి చూస్తాడు, గ్యాసు చూస్తాడు. చూసింది రిపోర్టు బుక్కులో రాసి సంతకం పెడతాడు. తర్వాతి షిఫ్టు వాళ్లు అది చదివాకే పని మొదలు. ఇది ఎవరి మంచితనం మీదో నడిచేది కాదు, చట్టం. 1957 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్‌లో ఉంది, వాటి స్థానంలో వచ్చిన 2017 రెగ్యులేషన్స్‌లోనూ ఉంది. గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు బంద్ చేయాలి. బంద్ చేసినవాడు ఎందుకు చేశాడో రాయాలి. లేకపోతే వచ్చే షిఫ్టువాడు "ఏదో ట్రిప్పయినట్టుంది" అని మళ్లీ ఆన్ చేసే ప్రమాదం ఉంది.

"నువ్వు జేసింది అదే" అన్నాడు బాపు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున నిద్రలేచి అమ్మనే గమనిస్తూ కూర్చున్నా. ఐదున్నరకి లేచింది. గోలీ వేసుకుని నీళ్లు తాగింది. బాపు, అమ్మ కలిసి గంటసేపు నడకకి వెళ్లొచ్చారు. ఆ తర్వాత చాయ్. కాల్షియం మాత్ర మధ్యాహ్నం అన్నం తిన్నాక. పుస్తకంలో రాసినట్టు కరెక్టుగా ఉంది. ఈ మందు పరగడుపున, ఏమైనా తినడానికో తాగడానికో కనీసం అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకి దీనికి నాలుగు గంటల ఎడం ఉండాలి. అవి కలిస్తే మందు సరిగ్గా ఒంటికి పట్టదు.

"ఎప్పటినుంచి ఇట్ల వేసుకుంటున్నవ్?"

"మీ బాపు రిటైరైనప్పటి సంది. అంతకుముందు యాడ తీరుతది? ఫస్టు షిఫ్టంటే నాలుగింటికి లేసి సద్ది కట్టాలె. చాయ్ తాగుకుంట గోలీ, దాంతోనే కాల్షియం గోలీ, అన్ని ఒక్కపారే."

దొరికింది! రూట్ కాజ్ అంటారే, అది.

ఏడేళ్లు అమ్మ 100 వేసుకుంది నిజమే. కానీ పాల చాయ్, కాల్షియం మాత్ర కలిసి అందులో కొంత భాగాన్ని పట్టనీయలేదు. ఆ ఏడేళ్ల టెస్టుల్లో టీఎస్‌హెచ్ సరిగ్గానే వచ్చిందంటే, ఒంటికి పట్టిన ఆ తక్కువ డోసే ఆమెకి సరిపోయిందన్నమాట. 61 ఏళ్లకి బాపు రిటైరయ్యాడు. ఇంట్లో షిఫ్టుల టైమ్‌టేబుల్ పోయింది. అమ్మ జీవితంలో మొదటిసారి తీరిగ్గా పరగడుపున గోలీ వేసుకుంది. అదే 100 ఇప్పుడు ఎక్కువ పట్టింది. డబ్బా మీద నంబరు మారలేదు, డాక్టరు మారలేదు, కంపెనీ మారలేదు. మా ఇంటి పొద్దుట మారింది. ఆ సంగతి డాక్టరు అడగలేదు, అమ్మ చెప్పలేదు, నాకు తెలియనే తెలియదు. తెలుసుకోవాల్సినంత దగ్గర్లో నేను లేను.

ఒక రెండు రూపాయల... సారీ, ఇప్పుడు ఇరవై రూపాయల నోటుబుక్కు కొన్నాం. బాపు దస్తూరీలో మొదటి పేజీ: తేదీ, గోలీ ఎంత, ఎన్నింటికి, చాయ్ ఎన్నింటికి, నాడి నిమిషానికి ఎంత, నిద్ర ఎట్లుంది. అచ్చం రిపోర్టు బుక్కే. కింద సంతకం కూడా పెట్టాడు మా బాపు :)

ఆ పుస్తకం పట్టుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లాం. నేను గొడవకి కాదు, మూడే ప్రశ్నలకి సిద్ధమై వెళ్లా. ఎందుకు తగ్గించారు? ఎందుకు ఇంత తగ్గించారు? సరిపోయిందో లేదో ఎప్పుడు చూస్తాం?

మొదటిదానికి ఆయన ఓపిగ్గానే చెప్పాడు. టీఎస్‌హెచ్ అంత కిందికి పడి చాలాకాలం అలాగే ఉంటే ఎముకలు పలచబడతాయి, ముఖ్యంగా నెలసరి ఆగిన ఆడవాళ్లకి. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. తర్వాత చదివితే అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని గమనించి 1994లో అచ్చేసిన ఫలితం కనిపించింది. 60 దాటినవాళ్లలో టీఎస్‌హెచ్ 0.1 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకి పదేళ్లలో ఆ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే దాదాపు మూడు రెట్లు. అంటే నేను "ఏం తెలవదు" అని కొట్టిపారేసిన డాక్టరు మా అమ్మ గుండెనీ, ఎముకల్నీ కాపాడే పనిలోనే ఉన్నాడు.

రెండో ప్రశ్నకి ఒక్క నిమిషం ఆగాడు. చాయ్, కాల్షియం సంగతి మేం చెప్పాక నోటుబుక్కు తీసుకుని చదివాడు. "ఇది ముందే చెప్పాల్సింది" అన్నాడు. నేను "మీరు ముందే అడగాల్సింది" అనబోయి ఆగిపోయా. బయట వరండాలో నిలబడ్డ జనాన్ని చూశాక ఆ మాట రాలేదు. ఆయన 75 రాశాడు. ఇన్ని మార్పుల మధ్య ఇప్పుడు టెస్టు చేస్తే ఆ నంబరుకి అర్థం ఉండదనీ, ఎనిమిది వారాలు కదలకుండా ఇదే వేసుకుని అప్పుడు రమ్మనీ తేదీ వేసిచ్చాడు.

ఎనిమిది వారాలెందుకో కూడా లెక్క చూడండి, మనవాళ్లకి నచ్చుతుంది. ఈ మందు సగం జీవితకాలం సుమారు ఏడు రోజులు. ఇవాళ డోసు 100 నుంచి 50కి మారిస్తే వారం తర్వాత ఒంట్లో ఉన్న నిల్వ 75 డోసుకి తగ్గట్టు ఉంటుంది. రెండు వారాలకి 62.5. మూడో వారానికి సుమారు 56. అయిదు వారాలు దాటితే గానీ 50 దగ్గర స్థిరపడదు. పిట్యూటరీ దాన్ని చూసి ఆర్డర్లు మార్చుకోవడానికి ఇంకొంత టైము. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకి ముందు చేసే టెస్టు, ఇంకా డిప్లాయ్ అవుతూ ఉన్న బిల్డ్‌ని టెస్టు చేసినట్టే. "మొన్న తగ్గించారు, ఇవాళ నీరసం" అంటే అది పూర్తిగా ఆ తగ్గింపు వల్లేనని చెప్పలేం. మూడు వారాల తర్వాత నీరసమంటే మాత్రం వినాల్సిందే. రెండూ నిజాలే.

ఇక్కడ నేను రెండు పక్షాల వాళ్లతోనూ విభేదిస్తాను.

"డాక్టరు చెప్పింది చెయ్యాలి, గూగుల్ చూసి ప్రశ్నలు అడక్కూడదు" అనేవాళ్లు ఒక పక్షం. నంబరు బాగుంటే మనిషి బాగున్నట్టే అనుకుంటారు వీళ్లు. ఫ్రాన్స్‌లో 2017 మార్చిలో ఏం జరిగిందో చూడండి. అక్కడ దాదాపు 30 లక్షల మంది వాడే ఇదే థైరాయిడ్ మందులో లాక్టోజ్ తీసేసి మానిటాల్, సిట్రిక్ యాసిడ్ పెట్టారు. అసలు మందు అదే, డోసు అదే. కానీ వేల మంది నీరసం, తలనొప్పి, జుట్టు రాలడం అంటూ ఫిర్యాదులు చేశారు. మొదట్లో "అంతా మీ భ్రమ" అన్నట్టు మాట్లాడారు. చివరికి అదే ఏడాది అక్టోబరులో పాత ఫార్ములాని మళ్లీ తెప్పించాల్సి వచ్చింది. 2020లో లియోన్ అప్పీలు కోర్టు, మూడు వేల మందికి పైగా రోగులకి తలా వెయ్యి యూరోలు ఇమ్మని కంపెనీకి చెప్పింది. గమనించండి, మందు చెడ్డదని కాదు. మార్పు గురించి సరిగ్గా చెప్పనందుకు. 2022లో అక్కడి పై కోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. చెప్పకపోవడమే ఒక నష్టమని కోర్టు ఒప్పుకుందన్నమాట.

"నా ఒళ్లు నాకు తెలుసు, డోసు నేనే చూసుకుంటా" అనేవాళ్లు రెండో పక్షం. నేను మొన్నటిదాకా ఇందులోనే ఉన్నా. థైరాయిడ్ ఎక్కువైనా నీరసమే, తక్కువైనా నీరసమే. ఎక్కువైనా జుట్టు రాలుతుంది, తక్కువైనా రాలుతుంది. ఒంటి మాట వినాలి, కానీ ఒళ్లు ఎర్రర్ మెసేజ్ చూపిస్తుంది గానీ లైన్ నంబరు చెప్పదు. 0.06 ఉన్న మనిషికి నేను ఫోన్లో డోసు పెంచడం, లాగ్ చూడకుండా ప్రొడక్షన్‌లో చెయ్యి పెట్టడం. ఆఫీసులో అలా చేస్తే ఉద్యోగం పోతుంది. ఇంట్లో చేస్తే ప్రేమ అనుకుంటాం.

నిజానికి మనలాంటి పిల్లలందరం ఇదే చేస్తున్నాం. బీపీ మెషిన్ పంపిస్తాం, ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ బుక్ చేస్తాం, రిపోర్టు వాట్సాప్‌లో చూసి డాక్టరుని తిడతాం. అమ్మ చాయ్ ఎన్నింటికి తాగుతుందో మాత్రం తెలియదు. 2013లో అచ్చయిన ఒక సర్వేలో, హైదరాబాదు సహా ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్లని పరీక్షిస్తే 10.95 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. దాదాపు తొమ్మిది మందిలో ఒకరు. అంటే ఇది చదువుతున్న చాలామంది ఇళ్లలో ఆ డబ్బా ఉండే ఉంటుంది.

కాబట్టి ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఇవి చూడండి. గోలీ ఎన్నింటికి వేసుకుంటున్నారు, దాని వెనకాల చాయ్ ఎంతసేపటికి, కాల్షియమో ఐరనో ఎప్పుడు. డబ్బా ఎక్కడ పెడుతున్నారు (మా ఇంట్లో కిటికీ పక్కన ఉండేది. రామగుండం ఎండల సంగతి తెలిసిందే, వేడికీ వెలుతురుకీ ఈ మందు పాడవుతుంది). జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతున్నారా, ఎందుకంటే కొన్ని టెస్టుల్లో అవి నంబరుని తప్పు చూపిస్తాయి, టెస్టుకి ముందు ఎన్ని రోజులు ఆపాలో డాక్టరుని అడగాలి. పాత డోసు గోలీలు ఇంట్లో మిగిలి ఉన్నాయా. ఉంటే ముందు వాటిని తీసేయండి. డోసు మాత్రం మీరు మార్చకండి, మార్చమని ఫోన్లో చెప్పకండి.

డాక్టరు డోసు తగ్గిస్తే పోట్లాడొద్దని నేననను. పోట్లాడండి. కానీ ఆయన గదిలో కూర్చుని, నోటుబుక్కు ముందు పెట్టి, ఆ మూడు ప్రశ్నలతో పోట్లాడండి. ఎందుకు, ఎంత, మళ్లీ ఎప్పుడు. ఈ మూడూ చీటీ మీద లేకపోతే ఆ మార్పు ఇంకా పూర్తి కాలేదన్నమాట. డాక్టర్లకి కూడా ఒక మాట: మీకు టైము లేదని మాకు తెలుసు. కానీ "ఆరు వారాలకి టెస్టు" అని రాయడానికి అయిదు సెకన్లు చాలు. అది రాసి ఉంటే ఆ రాత్రి ఆటో అక్కర్లేకపోయేది.

ఎనిమిది వారాల తర్వాత అమ్మ టీఎస్‌హెచ్ 2.1 వచ్చింది. పగటి నిద్ర పోయింది, దడ పోయింది. కాళ్ల గుంజుడు మాత్రం అలాగే ఉంది. అది థైరాయిడ్ ఖాతాలో వేయకూడదని ఇప్పుడు తెలిసింది, వేరే దారిలో చూపిస్తున్నాం.

నోటుబుక్కు ఇంకా నడుస్తోంది. మొన్న వెళ్లినప్పుడు తిరగేశా. ఒక పేజీలో అమ్మ రాత, వంకర అక్షరాల్లో: "ఇయ్యాల గోలీ మర్చిపోయిన." దాని కింద బాపు సంతకం.